విరిగిన దవడకు కరిగిపోయే ప్లేట్లు: టైటానియంతో పోలిస్తే బలమెంత?

శరీరంలోనే కరిగిపోయే ప్లేట్లు ఇప్పుడు లోహపు ప్లేట్లంత బలంగా ఉన్నాయని రోగులకు చెప్పడం ఎక్కువైంది. రెండు రకాలనూ వాడే సర్జన్‌గా, పెద్దవారి కింది దవడ విషయంలో ఈ మాటను నేను అంగీకరించలేను.

వంగకుండా నిలిచే దృఢత్వాన్ని గిగాపాస్కల్స్‌లో కొలుస్తారు; టైటానియంది సుమారు 110 ఉంటే, గట్టి ఎముకది 10 నుంచి 20 వరకు ఉంటుంది. కరిగే ప్లేట్లకు మూలమైన పాలీలాక్టైడ్ అనే ప్లాస్టిక్ సాధారణంగా 5 కూడా దాటదు. ఆ లోటు పూడ్చడానికి ప్లేటును మందంగా, వెడల్పుగా చేస్తారు కనుక, చిగురు పలచగా ఉన్నచోట అది వేలికి తగులుతుంది.

అమర్చడంలోనూ తేడా ఉంది. టైటానియం ప్లేటును పట్టకారుతో వంచి బిగిస్తే చాలు, స్క్రూ తన మర తానే చేసుకుంటుంది. కరిగే ప్లేట్లలో చాలావాటిని వేడినీటిలో మెత్తబరచి, చల్లారి బిగుసుకునే ఆ కొద్ది సెకన్లలోనే ఎముక వంపుకు అదమాలి. తర్వాత రంధ్రంలో విడిగా మర కోసి స్క్రూ తిప్పాలి. చెయ్యి కాస్త బలంగా పడితే స్క్రూ తల తెగిపోతుంది, అయితే లోపల మిగిలిన ముక్క మీదుగానే మళ్లీ డ్రిల్ చేసుకోవచ్చు. అల్ట్రాసౌండ్‌తో పిన్నును కరిగించి ఎముకలోకి దించే సోనిక్‌వెల్డ్ పద్ధతిలో మర కోసే పని ఉండదు గానీ, దానికి వేరే పరికరం కొనాలి.

ప్లేటు త్వరగా కరిగిపోతుందేమోనన్న భయం మాత్రం అనవసరం. 82 శాతం పాలీలాక్టిక్, 18 శాతం పాలీగ్లైకాలిక్ ఆమ్లాలతో చేసిన లాక్టోసార్బ్ అనే కరిగే ప్లేటు 8 వారాలకు కూడా దాదాపు 70 శాతం బలం నిలుపుకుని, సుమారు ఏడాదికి కరిగిపోతుంది. దవడ అతుక్కోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు చాలు. అసలు చిక్కు మొదటి రోజు బలంతోనే. దవడ మూల విరిగినప్పుడు, నమిలేటప్పటి లాగుడు ఎముక పైఅంచున పడుతుంది. 1970లలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో షాంపీ అనే సర్జన్ ఆ లాగుడు గీత వెంబడి ఒకే చిన్న ప్లేటు వేసే పద్ధతిని స్థిరపరచారు. టైటానియం ఆ పనిని సాధారణంగా ఒంటరిగానే చేస్తుంది. అక్కడ కరిగే ప్లేటు వేస్తే, నేను కొంతకాలం పై పళ్లను, కింది పళ్లను కలిపి కట్టి ఉంచుతాను.

శుద్ధ పాలీ ఎల్ లాక్టైడ్‌తో చేసిన తొలి ప్లేట్లు ఏళ్ల తరబడి మిగిలిపోవడం వల్ల, చెంప ఎముక దగ్గర మూడేళ్లు దాటాక కూడా వాపు వచ్చిన రోగులను 1990లలో నెదర్లాండ్స్ వైద్యులు నమోదు చేశారు. టైటానియం కూడా నిర్దోషి కాదు: చీము పట్టినా, స్క్రూ వదులైనా మళ్లీ కోసి తీయక తప్పదు.

పిల్లల దగ్గర నా మొగ్గు మారుతుంది. వారి ఎముక త్వరగా అతుక్కుంటుంది, నమిలే బలం తక్కువ, దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది. ప్లేటు తీయడానికి రెండోసారి మత్తు ఇవ్వనక్కర లేకపోవడం పెద్ద మేలు. పంటి మొగ్గలకు తగలకుండా పొట్టి స్క్రూలు వేయాలన్న జాగ్రత్త రెండింటికీ ఒకటే. కరిగే ప్లేట్ల ఖరీదు టైటానియం కన్నా చాలా ఎక్కువ కాబట్టి, బైక్ ప్రమాదంలో దవడ విరిగిన పెద్దవారి కుటుంబం చేత ఆ ఖర్చు పెట్టించడానికి నాకు కారణం కనిపించడం లేదు.