వూకామర్స్ మీద చేనేత చీరల అంగడి: దీర్ఘకాలం వాడిన తర్వాత సమీక్ష

చెన్నై టీ. నగర్‌లో మా కుటుంబం నడిపే చేనేత చీరల దుకాణానికి, కొన్నేళ్లుగా ఆన్‌లైన్ అమ్మకాలన్నీ వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వూకామర్స్ ద్వారానే జరుగుతున్నాయి. వూకామర్స్ అంటే వర్డ్‌ప్రెస్ సైటును అంగడిగా మార్చే ప్లగిన్, అంటే అదనంగా చేర్చుకునే సాఫ్ట్‌వేర్. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ నేతపనివారి దగ్గర తెచ్చిన సరుకు ఇక్కడి నుంచి హైదరాబాదుకూ, విశాఖకూ, బెంగళూరుకూ వెళుతుంది. కొనేవారిలో ఎక్కువమంది తెలుగువారే కావడంతో సైటును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నడుపుతున్నాం. కొత్తగా పెట్టుకున్న నెలలో అన్నీ బాగానే కనిపిస్తాయి. పండగ రద్దీ, సర్వర్ మార్పు, పన్ను లెక్కలు, పెద్ద అప్‌డేట్లు అన్నీ చూశాక ఏర్పడిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

వూథీమ్స్ అనే సంస్థ 2011లో విడుదల చేసిన ఈ ప్లగిన్‌ను 2015లో వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ అనే సంస్థ కొనుక్కుంది. ప్రధాన ప్లగిన్ ఉచితం, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. షాపిఫై వంటి వేదికల్లో నెలనెలా అద్దె కడితే సర్వర్ బాధ్యత వాళ్లే చూసుకుంటారు. ఇక్కడ అద్దె లేదు గాని బాధ్యత పూర్తిగా మనదే. అయినా మేము దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఆర్డర్ల చరిత్ర, కొనుగోలుదారుల చిరునామాలు, చీరల ఫొటోలు అన్నీ మా డేటాబేసులోనే ఉంటాయన్న నమ్మకం. ఆ నమ్మకం తర్వాత రుజువైంది కూడా. మొదట తీసుకున్న హోస్టింగ్ సంస్థ (సైటును ఉంచడానికి చోటిచ్చే సంస్థ) సర్వర్లు విదేశంలో ఉండేవి. దసరా ముందు రద్దీ పెరిగినప్పుడల్లా సైటు నిలిచిపోయేది, ఫిర్యాదు చేస్తే ఇంకా ఖరీదైన ప్లాన్ తీసుకోమనే జవాబే వచ్చేది. చివరకు ఫైళ్లనూ డేటాబేసునూ కాపీ చేసుకుని బెంగళూరులోని సర్వర్‌కు మారిపోయాం. ఒక్క ఆర్డరు నంబరు కూడా మారలేదు, ఎవరి అనుమతీ అడగవలసిన అవసరం రాలేదు. వ్యాపారం చేసేవారికి ఈ స్వేచ్ఛ ఎంత విలువైనదో మాటల్లో చెప్పడం కష్టం.

ఇక డబ్బు సంగతి. మా చీరల్లో చాలావరకు ఒక్కొక్కటే ఉంటాయి. అదే రంగు, అదే అంచు మళ్లీ దొరకదు. అందువల్ల స్టాక్ లెక్క తప్పితే ఒకే చీరను ఇద్దరికి అమ్మినట్టవుతుంది. వూకామర్స్‌లో డబ్బు అందని ఆర్డరు కోసం సరుకును పట్టి ఉంచే గడువు మామూలుగా 60 నిమిషాలు ఉంటుంది. ఆ గడువు దాటితే ఆర్డరు రద్దయి, చీర మళ్లీ అమ్మకానికి వచ్చేస్తుంది. యూపీఐలో కొనుగోలుదారు సైటు నుంచి ఫోన్‌లోని మరో యాప్‌కు వెళ్లి, అక్కడ పిన్ కొట్టి, డబ్బు కట్టేశాననుకుని వెనక్కి రాకుండానే బ్రౌజర్‌ను మూసేయడం మామూలే. అలాంటప్పుడు పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపును నడిపించే సంస్థ) తన సర్వర్ నుంచి నేరుగా మన సైటుకు పంపే కబురు, అంటే వెబ్‌హుక్, సరిగ్గా అందకపోతే, డబ్బు చేరినా ఆర్డరు ‘చెల్లింపు కోసం ఎదురుచూస్తోంది’ అనే స్థితిలోనే ఉండి, గడువు తీరాక రద్దవుతుంది. కనుక గేట్‌వే ప్లగిన్ పెట్టుకోగానే తక్కువ ధర వస్తువు ఒకటి కొని, డబ్బు కట్టిన మరుక్షణం బ్రౌజర్ మూసేసి, ఆర్డరు స్థితి దానంతటదే మారుతుందో లేదో చూడమని మిగతా దుకాణదారులకు గట్టిగా చెబుతాను. ఖర్చు విషయానికొస్తే, గేట్‌వేలు సాధారణంగా 2 శాతం రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి; ఆ లెక్కన 3,000 రూపాయల చీరకు 70 రూపాయల 80 పైసలు పోతుంది.

పన్ను అమరిక మాత్రం ఒకసారి చేసుకుంటే చాలు. తమిళనాడులోని కొనుగోలుదారుకు సీజీఎస్టీ (కేంద్రం వాటా) 2.5, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 2.5 శాతం, ఇతర రాష్ట్రాలవారికి ఐజీఎస్టీ 5 శాతం అని పట్టికలో రాసిపెడితే అది ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

తెలుగు లిపి దగ్గరకు వచ్చేసరికి నా మెప్పు బాగా తగ్గుతుంది. వస్తువు పేరు నుంచే లింకు తయారవుతుంది. తెలుగులో పేరు రాస్తే లింకులో ఒక్కో సంకేతం, అంటే ప్రతి హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ, తొమ్మిదేసి గుర్తులుగా మారిపోతుంది. మొత్తం 200 గుర్తులకు మించి వర్డ్‌ప్రెస్ ఉంచుకోదు. ‘మంగళగిరి నూలు చీర నిజాం అంచు’ అని రాస్తే లింకు ‘అంచు’లోని ‘అ’ దగ్గరే తెగిపోతుంది. అదే పేరుతో మరో చీరను ఎక్కిస్తే చివర అంకె చేరుతుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే చాలా ఫోన్లలో శాతం గుర్తులూ అంకెలూ కలగలిసిన పెద్ద దండగా కనిపిస్తుంది, చూసినవారు దాన్ని నొక్కడానికి జంకుతారు. అందుకే పేరు తెలుగులో ఉంచి, లింకును మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో చేతితో రాస్తున్నాం.

సైటు రూపాన్ని నిర్ణయించే థీముల సంగతీ అంతే. రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని చేసిన థీముల్లో శీర్షికల వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటుంది. ‘వస్త్రం’ అన్న మాటలో వత్తులు కింది వరుసను తాకుతాయి, కొన్ని థీముల్లో సగానికి కోసుకుపోతాయి కూడా. వరుస ఎత్తును అక్షరాల పరిమాణానికి 1.7 రెట్లకు పెంచి, నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టాక ఆ చిక్కు తీరింది. ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు ఇంకా ఇబ్బందిపెట్టాయి. పీడీఎఫ్ తయారుచేసే డామ్‌పీడీఎఫ్ అనే కోడ్ ఆధారంగా పనిచేసే ప్లగిన్లు తెలుగు అక్షరాలను కూర్చలేవు. గుణింతాలు ఒకచోట, వత్తులు ఇంకొకచోట పడతాయి. అలాంటిదే మరొకటైన ఎమ్‌పీడీఎఫ్‌తో పనిచేసే ప్లగిన్‌కు మారితే బిల్లు చదవదగ్గట్టు వచ్చింది. కొన్న మనిషి చేతికి వెళ్లే కాగితం మీద మన భాష ముక్కలై కనిపించడాన్ని చిన్న లోపంగా నేను తీసుకోలేను.

వెతుకులాట కూడా బలహీనమే. టైపు చేసిన మాట యథాతథంగా పేరులోనో వివరణలోనో ఉండాలి. ‘చీర’ అని రాసి ఉన్న వస్తువు ‘చీరలు’ అని వెతికితే దొరకదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘మంగళగిరి’ అని కొట్టేవారి కోసం ప్రతి వివరణలోనూ ఆ పేరును రెండు లిపుల్లోనూ రాయవలసి వస్తోంది.

2023 అక్టోబరులో వచ్చిన వూకామర్స్ 8.2 వెర్షన్ నుంచి కొత్త దుకాణాలకు ఆర్డర్లు డేటాబేసులో ప్రత్యేక పట్టికల్లో భద్రమవుతున్నాయి. పాత పద్ధతిలో అవి వ్యాసాలతోపాటు ఒకే పట్టికలో ఉండి, ప్రతి వివరమూ వేరే వరుసగా పేరుకుపోయేది. మాలాంటి పాత దుకాణాలు సొంతంగా మారాలి. మారాక ఫోన్ నంబరుతో పాత ఆర్డరును వెతకడం స్పష్టంగా వేగవంతమైంది. తర్వాతి నెల నుంచి కొత్త దుకాణాలకు మామూలు పద్ధతిగా మారిన బ్లాకు తరహా చెక్‌అవుట్‌కు, అంటే చిరునామా రాసి డబ్బు కట్టే కొత్త పేజీకి, మాత్రం మేము మారలేదు. ‘ఫాల్, పీకో చేసి పంపాలా?’ అని అడిగే మా గడి పాత పద్ధతి కోడ్‌తో చేసినది, అది కొత్త చెక్‌అవుట్‌లో కనిపించదు. మా అమ్మకాల్లో ఆ ప్రశ్నకు చాలా ప్రాధాన్యం ఉంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి నగరం మునిగినప్పుడు మా వీధిలో కరెంటు లేదు, నెట్ లేదు. బెంగళూరు సర్వర్ మీద సైటు నడుస్తూనే ఉంది, ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. నెల్లూరులో ఉన్న మా చెల్లెలు అక్కడి నుంచే లాగిన్ అయి, పార్సిళ్లు ఆలస్యమవుతాయన్న ప్రకటన పెట్టి, కొన్నవారికి కబురు పంపింది.

నెలకు కొన్ని గంటలు అప్‌డేట్లకూ బ్యాకప్‌లకూ కేటాయించలేనివారికి, ముందుగా నకలు సైటు మీద పరీక్షించి చూసే ఓపిక లేనివారికి నేను దీన్ని సిఫారసు చేయను. వారికి అద్దె వేదికే నయం. బ్యాకప్‌ను అదే సర్వర్‌లో ఉంచుకోవద్దని మాత్రం అందరికీ చెబుతాను. మేము ఈ వేదికను విడిచిపెట్టే ఆలోచనలో లేము. కార్ట్‌లోనూ చెక్‌అవుట్‌లోనూ ఇంకా ఇంగ్లీషులోనే కనిపించే మాటలకు తెలుగు అనువాదాలను వర్డ్‌ప్రెస్ అనువాద వేదికలో చేర్చడం మొదలుపెట్టాం. అక్కడ సమీక్షకుల ఆమోదం దొరికితే ఆ మాటలు మిగతా తెలుగు దుకాణాలకూ చేరే వీలుంటుంది.