మెడ దగ్గర దెబ్బ, నడుము దగ్గర దెబ్బ: తేడా ఏమిటి?

హైదరాబాద్ రోడ్ల మీద బైక్ పడినా, కట్టే బిల్డింగ్ పైనుంచి జారినా వెన్నుపాము దెబ్బతినొచ్చు. ఎంత పైన తగిలితే అంత నష్టం.

మెడ దగ్గరైతే కాళ్లతోపాటు చేతులూ చచ్చుబడవచ్చు. ఊపిరి తీసుకునే కండరం డయాఫ్రమ్‌ను నడిపేవి మెడలోని 3వ, 4వ, 5వ నరాలే. వాటికి పైన పూర్తిగా దెబ్బతింటే వెంటిలేటర్ కావాల్సిందే.

నడుము దగ్గరైతే చేతులు పనిచేస్తాయి, వీల్‌చెయిర్ తామే తోసుకోగలరు. కానీ మూత్రం, మలం మీద అదుపు పోవచ్చు. కాళ్లు పడిపోవడం కన్నా అదే పెద్ద బాధని నా అభిప్రాయం, దాని గురించి ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు.

ఎక్కడ తగిలినా, దెబ్బ కింద కాస్త స్పర్శ మిగిలితే కోలుకునే ఆశ ఎక్కువ. దయచేసి పడినవాళ్లను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టకండి. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి.