ఆల్ప్స్‌లో కారు మీద స్కీ యాత్ర: మొదటి మజిలీ పెద్దది, మిగతావి చిన్నవి

మ్యూనిక్‌లో ఉంటున్న మా కుటుంబం కొన్ని శీతాకాలాలుగా ఒకే దారిలో స్కీ యాత్ర చేస్తోంది. ఇంటి నుంచి ఆస్ట్రియాలోని స్టూబాయ్ లోయకు, అక్కడి నుంచి బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోని వాల్ గార్డేనాకు, తర్వాత బోల్జానో, మెరానో మీదుగా రేషెన్ కనుమ ఎక్కి నౌడర్స్‌కు, చివరికి ఫెర్న్‌పాస్ మీదుగా ఇంటికి. వేరే దారులూ చూశాం కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇంతకంటే మంచి చుట్టుదారి మాకు దొరకలేదు. అయితే ఈ దారి అందరికీ కలిసిరావాలంటే ఒక షరతు ఉంది. మజిలీలన్నీ సమానంగా ఉండకూడదు. మొదటిచోట కనీసం వారం ఉండాలి, మిగతా చోట్ల రెండు మూడు రాత్రులు చాలు.

దీనికి కారణం స్కీ స్కూల్. ఆస్ట్రియాలో పిల్లల బృంద తరగతులు సాధారణంగా ఆదివారమో సోమవారమో మొదలై శుక్రవారం దాకా సాగుతాయి. మొదటి రోజు పిల్లలు ఎంతవరకు వచ్చో చూసి జట్లుగా విడగొడతారు. చివర్లో చిన్న పందెం పెట్టి మెడలో పతకం వేస్తారు. రెండు రోజులకోసారి ఊరు మారే పథకంలో పిల్లలు ఎప్పుడూ కొత్త జట్టులో మొదటి రోజు పిల్లలుగానే మిగిలిపోతారు. మా చిన్నవాడు సోమవారం కదిలే తివాచీ మీద నిలబడి కొండ ఎక్కడానికే బెదిరాడు. బుధవారానికి స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి, వెనక భాగం విడదీసి ఆగడం వచ్చింది. అక్కడి గురువులు దాన్ని 'పిజ్జా' అంటారు, రెండూ సమాంతరంగా పెడితే 'పొమ్మెస్', అంటే వేయించిన బంగాళదుంప ముక్కలు. గురువారం వాడు కుర్చీ లిఫ్ట్ ఎక్కాడు. ఈ ఎదుగుదలకు నాలుగైదు రోజులు ఒకేచోట ఉండడం తప్పనిసరి. ఆ తర్వాత ఏ ఊరికి తీసుకెళ్ళినా వాడు మాతోపాటే దిగుతున్నాడు.

ఇంటి యజమానుల పద్ధతి కూడా దీనికే అనుకూలం. క్రిస్మస్, ఫిబ్రవరి సెలవుల్లో చాలా అపార్ట్‌మెంట్లను శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. మూడు రాత్రులకు అడిగితే సమాధానమే రాదు. అందుకని మొదటి వారానికి అపార్ట్‌మెంట్ తీసుకుంటాం, తర్వాతి మజిలీలకు పాన్సియోన్‌లనే చిన్న అతిథి గృహాలు, రైతుల ఇళ్ళలోని గదులు వెతుకుతాం. రెండు రాత్రులకైనా సంతోషంగా ఇచ్చేది వీళ్ళే.

శనివారం అనగానే ట్రాఫిక్ భయం ఉంటుంది, అది నిజమే. ఆల్ప్స్ మొత్తం ఆ రోజే గదులు ఖాళీ చేసి, ఆ రోజే నిండుతుంది. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్ దాదాపు 160 కిలోమీటర్లు. మేము తెల్లవారకముందే బయల్దేరతాం. అపార్ట్‌మెంట్ తాళం సాయంత్రానికి గానీ ఇవ్వరు కాబట్టి మధ్యలో దొరికిన సమయంలో స్కీ స్కూల్‌లో పేర్లు రాయిస్తాం, సరుకులు కొంటాం, పిల్లలను మంచులో ఆడుకోనిస్తాం.

స్టూబాయ్‌ని మొదటి మజిలీగా ఎంచుకోవడానికి ఇంకో బలమైన కారణం మంచు. ఫుల్ప్‌మెస్ ఊరిలోని 'ష్లిక్ 2000' అనే స్కీ ప్రాంతపు వాలులు కొత్తవాళ్ళకు అనువైనవి. డిసెంబరు చివర్లో కింద గడ్డి కనిపిస్తున్నా, లోయ చివర స్టూబాయ్ హిమానీనదం మీద మంచుకు కొరత ఉండదు. అక్కడ పైనున్న వీక్షణ వేదిక ఎత్తు 3,210 మీటర్లు. జర్మనీలో బడి మానిపించడం చట్టం ఒప్పుకోదు గనుక మాకు ఉన్నవి క్రిస్మస్, ఫిబ్రవరి, ఈస్టర్ సెలవులే. వీటిలో ఇంత పొడవైన చుట్టుదారికి మేము ఎంచుకున్నది రెండు వారాల క్రిస్మస్ సెలవు. ఆ సమయంలో మంచు మీద నమ్మకం లేని ఊరిలో వారం రోజులు గది తీసుకోవడం నాకు ధైర్యం చాలని పని.

సామాను విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. మజిలీ మజిలీకి స్కీలు అద్దెకు తీసుకోకండి. ప్రతి ఊరిలోనూ సగం ఉదయం ఆ దుకాణంలోనే పోతుంది. మ్యూనిక్‌లో పిల్లల స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి అద్దెకు ఇస్తారు. వాటిని కారు మీది పెట్టెలో వేసుకుంటే మళ్ళీ ఏ దుకాణం ముందూ నిలబడక్కర్లేదు. పెట్టె కొనేముందు లోపలి పొడవు కొలవండి, బయటి కొలత చూసి కొంటే పెద్దవాళ్ళ స్కీలు పట్టకపోవచ్చు. కారు కప్పు ఎంత బరువు మోయగలదో వాహన పుస్తకంలో ఉంటుంది, పెట్టె సొంత బరువు కూడా ఆ లెక్కలోదే.

బూటు సరిపోయిందో లేదో చూసే పద్ధతి మాకు ఒక పాత అద్దె దుకాణంలో ఓపికగా నేర్పారు. ముందు లోపలి మెత్తటి బూటును బయటికి తీసి, పిల్లవాడి కాలిని దాని అడుగుపొరతో పోల్చి చూడాలి. వేళ్ళ ముందు ఒక వేలి మందం ఖాళీ ఉంటే చాలు. 'పెరుగుతాడు కదా' అని రెండు సైజులు పెద్దది తీసుకుంటే లోపల కాలు ఆడుతూ ఉంటుంది, స్కీ మాట వినదు. తర్వాత బూటు వేసి నిటారుగా నిలబెడితే బొటనవేలు ముందు గోడను తాకాలి, మోకాళ్ళు వంచి ముందుకు వాలగానే వెనక్కి జరగాలి. లోపల ఒకే ఒక్క మేజోడు. చలి అని రెండు తొడిగితే మడతలు పడి పాదం ఒత్తుకుంటుంది, రక్తం ఆడక చలి ఇంకా పెరుగుతుంది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపు మాత్రం నిపుణుల పని. పిల్లవాడి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత నేర్చుకున్నాడన్నది అన్నీ కలిపి లెక్క కడతారు. ఒక ఊరి దుకాణంలో ఇవేవీ అడగకుండానే మా అమ్మాయికి స్కీలు బిగించి ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేశాం. పడినప్పుడు స్కీ ఊడి రావాలి, ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. మీరూ మొహమాటపడకండి.

ఇక రోడ్డు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు, బురదమంచు, మంచుపొర ఉన్న రోడ్ల మీద వింటర్ టైర్లు తప్పనిసరి. ట్రెడ్, అంటే టైరు మీది గాళ్ళ లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే అక్కడ వాటిని వింటర్ టైర్లుగా లెక్కించరు. ఆస్ట్రియా హైవేలకు విగ్నెట్, అంటే ముందే కొనుక్కునే రోడ్డు రుసుము చీటీ కావాలి, దాన్ని ఫోనులోనే కొనుక్కోవచ్చు. బ్రెన్నర్ హైవేకు మాత్రం ఆ విగ్నెట్ చెల్లదు, విడిగా టోల్ కట్టాలి. ఇటలీ వైపు దిగాక దూరాన్ని బట్టి ఇంకో టోల్. 2025 జనవరి నుంచి బ్రెన్నర్ దారిలోని లూగ్ వంతెన పునర్నిర్మాణం వల్ల చాలా రోజులు ఒక్కో వైపు ఒకే వరుస నడుస్తోంది. అందుకే మా ఇటలీ ప్రయాణాన్ని శనివారం నుంచి మార్చేశాం. గది శనివారం ఖాళీ చేయాల్సి వచ్చినా ఆ రాత్రి ఇన్స్‌బ్రుక్‌లో గడిపి, మర్నాడు ఉదయమే కనుమ దాటుతాం. పిల్లలకు ఒక రోజు కాళ్ళకు విశ్రాంతి, మాకు ఊరు చూసే అవకాశం.

మంచు గొలుసులు కారులో ఉంటే సరిపోదు, ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి తొడిగి చూడాలి. నా భర్త, నేను చెరో చక్రం పట్టుకుంటాం. ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి గొలుసులు ముందు చక్రాలకే. వెనకవైపు వలయాన్ని చక్రం వెనక నుంచి పైకి తెచ్చి కొక్కెం తగిలించాలి, తర్వాత బయటివైపు గొలుసు లాగి బిగించాలి, కొద్ది మీటర్లు నడిపి మళ్ళీ బిగించాలి. ఊలు చేతి తొడుగులు వెంటనే తడిసిపోతాయి. తోటపనికి వాడే రబ్బరు తొడుగులు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత చాప, నుదుటికి కట్టుకునే దీపం, ఈ మూడూ గొలుసుల సంచిలోనే ఉండాలి. అవసరం వచ్చేది ఎప్పుడూ చీకట్లోనే.

రెండో మజిలీ వాల్ గార్డేనా. ఇక్కడ ఊళ్ళ పేర్లు లాదిన్, జర్మన్, ఇటాలియన్ మూడు భాషల్లో రాసి ఉంటాయి. దోలోమీతి సూపర్‌స్కీ అనే ఒకే పాసుతో 12 ప్రాంతాల్లో దాదాపు 1,200 కిలోమీటర్ల వాలులు తిరగవచ్చు. చిన్న మజిలీకి ఇది బాగా కలిసివస్తుంది. ఇటలీలో రెండు నిబంధనలు ముందే చూసుకోవాలి. ఎదుటివారికి దెబ్బ తగిలితే చెల్లించే బాధ్యతా బీమా 2022 నుంచి వాలు మీద తప్పనిసరి. 18 ఏళ్ళలోపు వారికి అప్పటి నుంచే తప్పనిసరైన హెల్మెట్ 2025–26 చలికాలం నుంచి పెద్దలకూ తప్పనిసరి అయింది.

సెల్లా పర్వతం చుట్టూ నాలుగు కనుమల మీదుగా సాగే సెల్లారోండా గురించి ప్రతివాళ్ళూ అడుగుతారు. లిఫ్టులతో కలిపి దాదాపు 40 కిలోమీటర్ల చుట్టు ఇది. నారింజ గుర్తులు గడియారం దిశలో, ఆకుపచ్చ గుర్తులు ఎదురు దిశలో తీసుకెళ్తాయి. పిల్లలు ఎరుపు వాలులు (మధ్యస్థ కష్టం; నీలం అంటే తేలిక) నిబ్బరంగా దిగగలిగేదాకా దీన్ని పక్కన పెట్టండి. ఉదయం 10 లోపే బయల్దేరి, మధ్యాహ్నం 3:30కల్లా చివరి కనుమ దాటాలి. లిఫ్టులు ఆగిపోతే అటుపక్క లోయ నుంచి టాక్సీలో తిరిగి రావాల్సిందే. మా అమ్మాయి చేయగలిగిన ఏడాది నేను దానితో వెళ్ళాను, చిన్నవాడు తండ్రితో ఆల్పే దీ సియూసీ పచ్చికబయళ్ళ మీది నీలం వాలుల్లో గడిపాడు. ఇద్దరూ సమానంగా అలసిపోయి వచ్చారు.

ఆ ఆల్పే దీ సియూసీ వల్లే మా అత్తమామలను కూడా ఒక ఏడాది ఈ యాత్రకు తీసుకురాగలిగాం. ఓర్తిజేయి ఊరి నుంచి గొండోలాలో, అంటే తీగ మీద నడిచే మూసిన లిఫ్టులో పైకి వెళ్తే స్కీ చేయనివాళ్ళకు చదును చేసిన నడకదారులు, గుర్రపు స్లెడ్జిలు ఉన్నాయి. పెద్దవాళ్ళకు బూట్ల కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు కొనండి, పార్కింగ్ నుంచి గది దాకా నడిచే ఆ యాభై అడుగులే అసలు ప్రమాదం. ఇండియా నుంచి వచ్చేవారి ప్రయాణ బీమాలో శీతాకాలపు ఆటలు ఉన్నాయో లేదో చూడండి. కొండ మీది నుంచి దించే ఖర్చుకు మేము ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం మీద ఆధారపడతాం, అందులో రక్షణ బీమా కలిసి ఉంటుంది.

భోజనం గురించి ఒక మాట. 1,500 నుంచి 1,800 మీటర్ల ఎత్తులో నీళ్ళు దాదాపు 94, 95 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపటికీ మెత్తబడదు, ప్రెషర్ కుక్కర్ పెట్టుకోవాల్సిందే. చాలా అపార్ట్‌మెంట్లలో ఇండక్షన్ పొయ్యిలు ఉంటాయి, అల్యూమినియం కుక్కర్ వాటి మీద వేడెక్కదు, స్టీలుదే తీసుకెళ్ళండి. కొండ మీద శాకాహారులకు చీజ్‌తో చేసే కేజ్‌ష్పెట్స్‌లే, తీపి కైజర్‌ష్మార్న్ ఉంటాయి, పిల్లలకు రెండూ ఇష్టం. రోజూ అవే తినలేం కాబట్టి ఉదయం పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకుంటాం.

మూడో మజిలీకి వెళ్ళే దారే ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టం. మెరానో దాటాక లోయ పొడవునా ఆపిల్ తోటలు, పైకి వెళ్ళేకొద్దీ మంచు, 1,507 మీటర్ల ఎత్తున రేషెన్ కనుమ. స్టెల్వియో, టిమ్మెల్స్‌యోహ్ లాంటి ఎత్తైన కనుమలు చలికాలమంతా మూసి ఉంటాయి, రేషెన్ మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. కనుమ పక్కనే సరస్సు మధ్యలో 14వ శతాబ్దపు చర్చి గంటగోపురం ఒక్కటే నిలబడి ఉంటుంది. 1950లో జలవిద్యుత్ జలాశయం నింపినప్పుడు గ్రౌన్ ఊరు మునిగిపోయి గోపురం మిగిలింది. మా మామయ్యగారిది కర్నూలు. కారు దిగి చాలాసేపు చూసి, "మన సంగమేశ్వరమేనమ్మా ఇది. మనకు ఎండాకాలంలోనైనా గుడి బయటపడుతుంది, వీళ్ళకు ఊరు మళ్ళీ కనిపించదు కదా" అన్నారు. శ్రీశైలం నీళ్ళ కింద పోయిన ఊళ్ళ పేర్లు ఆ సాయంత్రం పిల్లలకు వరసగా చెప్పారు. ఇక్కడ తప్పకుండా ఆగండి.

నౌడర్స్ చిన్న ఊరు, మూడు దేశాల సరిహద్దులు కలిసే మూల. పిల్లలు అప్పటికి బాగా దిగుతుంటారు కాబట్టి రెండు రోజులు కుటుంబమంతా కలిసి స్కీ చేసేది ఇక్కడే. ఒక ఏడాది రేషెన్‌కు బదులు ముందే పశ్చిమానికి తిరిగి స్విట్జర్లాండ్‌లోని మ్యూస్టైర్, ఓఫెన్ కనుమ మీదుగా జెర్నెజ్ వెళ్ళి, సాలియాన్స్‌లో కారుతో సహా రైలెక్కి వెరైనా సొరంగం గుండా క్లోస్టర్స్ చేరాం. 19 కిలోమీటర్ల సొరంగం, దాదాపు 18 నిమిషాలు కారులోనే కూర్చుని దాటడం పిల్లలకు పండగ. కానీ స్విస్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల వార్షిక విగ్నెట్ ఒక్కటే ఉంది, ఒక్క రోజుకైనా అదే కొనాలి. యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమాలు అక్కడ వర్తించవు, గదుల ధరలూ ఎక్కువ. అందుకే మళ్ళీ నౌడర్స్‌కే వచ్చేశాం.

తిరుగు ప్రయాణం లాండెక్, ఇమ్స్ట్, ఫెర్న్‌పాస్ మీదుగా. ఇది కూడా వారం మధ్యలోనే పెట్టుకోండి. సీజన్ వారాంతాల్లో రద్దీ తప్పించుకోవడానికి పక్కదారుల్లోకి దిగే కార్లను టిరోల్ అధికారులు వెనక్కి పంపేస్తారు, మ్యాపు చూపించినా లాభం లేదు. జర్మనీ సరిహద్దులో తనిఖీ ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు నివాస అనుమతి కార్డుతోపాటు అసలు పాస్‌పోర్టులు కూడా చేతికందేచోట ఉంచుకోవాలి, డిక్కీలో స్కీ బట్టల కింద కాదు.

ఇంట్లో కారు నడిపేది ఒక్కరే అయితే నేను ఈ చుట్టుదారి సిఫారసు చేయను. స్టూబాయ్‌లోనే వారం ఉండి తిరిగి రండి. నాలుగేళ్ళలోపు పిల్లలున్నా అంతే. ఇద్దరూ నడపగలిగి, పిల్లలు స్కీ స్కూల్ వయసుకు వచ్చి, క్రిస్మస్ సెలవు చేతిలో ఉంటే మొదటి వారం గదిని మాత్రం వేసవిలోనే మాట్లాడుకోండి. అక్టోబరు వచ్చేసరికి వాలుకు దగ్గరగా ఉన్నవన్నీ నిండిపోయి ఉంటాయి.