హైదరాబాద్ నుంచి ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో వెతికేవారికి

హోలోకాస్ట్ (నాజీలు యూదులపై సాగించిన మారణహోమం) నుంచి పసివయసులో బతికి బయటపడ్డ అమ్మ గురించో నాన్న గురించో హైదరాబాద్‌లో ఉండి ఆరా తీయాలంటే ముందు తట్టాల్సిన తలుపు జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్. నాజీల బాధితులు సుమారు 1.75 కోట్ల మంది వివరాలున్న చోటు. పైసా ఖర్చు లేదు. వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఏమీ రాలేదా? అక్కడితో వదిలేయకండి.

చిక్కంతా పేరు దగ్గరే. ష్వార్జ్ అన్న ఇంటిపేరు జర్మన్ కాగితంలో 'ఎస్‌సీహెచ్'తో, పోలిష్ కాగితంలో 'ఎస్‌జెడ్'తో మొదలవుతుంది. ఒకే పిల్లాడు ఒకచోట మోషే, ఇంకోచోట మోరిట్జ్. అందుకే పుట్టిన ఊరు, తేదీ కూడా కలిపి చూడాలి. తేదీనీ పూర్తిగా నమ్మలేం. నాజీల క్యాంపులో పనికొస్తారనిపించుకోవడానికి వయసు పెంచి చెప్పిన పిల్లలున్నారు. యుద్ధం ముగిశాక పిల్లల లెక్కలో వేరే దేశం వెళ్లడానికి తగ్గించి చెప్పినవాళ్లూ ఉన్నారు. మన పెద్దల స్కూలు సర్టిఫికెట్లు చూసినవారికి ఇది కొత్తేం కాదు. రెండుమూడేళ్లు అటూ ఇటూ వెతకండి.

కాన్వెంట్లోనో రైతు ఇంట్లోనో మారుపేరుతో దాక్కున్న పిల్లలకు క్యాంపు కాగితమే ఉండకపోవచ్చు. వాళ్ల జాడ ఎక్కువగా 1945 తర్వాతి కాగితాల్లో దొరుకుతుంది: నిర్వాసితుల శిబిరాల కార్డులు, తప్పిపోయిన పిల్లల ఫైళ్లు, సీఎం/1 అనే సహాయ దరఖాస్తులు. పిల్లల పేరు తల్లి దరఖాస్తులోనే ఉండొచ్చు, ఆమె పేరుతోనూ చూడండి.

ఇండెక్స్ కార్డు మీద 'టీ/డీ' అని, పక్కన ఒక అంకె కనిపిస్తే దాన్ని రాసిపెట్టుకోండి. ఆ వ్యక్తి గురించి తర్వాతి కాలంలో నడిచిన ఉత్తరాల ఫైలు నంబరది. ఆన్‌లైన్‌లో అన్నీ పేరుతో దొరకవు కాబట్టి విచారణ ఫారం తప్పక నింపాలి, అందులో ఈ నంబరు వేయాలి. జవాబుకు నెలలు పడుతుంది. ఈ సేవలో పెద్ద లోటు ఇదే. కన్నవారు బతికుంటే ఈ రోజే పంపండి.

కార్డులో ఏ గడికి ఏ అర్థమో ఆర్కైవ్స్ వాళ్ల ఆన్‌లైన్ ఈ-గైడ్ చక్కగా చెబుతుంది. చేతిరాతే కష్టం. హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో, జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్‌లో జర్మన్ వచ్చినవాళ్లు దొరుకుతారు, కానీ పాత జర్మన్ చేతిరాత అయిన కుర్రెంట్ లిపి చదవగలరా అని ముందే అడగాలి.

చనిపోయిన తోబుట్టువుల కోసం ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెం దగ్గరున్న సాక్ష్య పత్రాలూ (చనిపోయినవారి గురించి తెలిసినవారు నింపిచ్చినవి) చూడండి. పత్రం కింద దాన్ని నింపినవారి పేరు, బంధుత్వం ఉంటాయి. ఇంట్లో ఎవరికీ తెలియని మేనమామో పినతల్లో అక్కడే బయటపడవచ్చు.