‘మా సొంత ఇంజిన్’ అన్నాడు, 42 వేలు కట్టా. మీరు పడకండి

ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. బెంగళూరు మారతహళ్ళి వైపు, పొద్దున లేస్తే వాట్సాప్ స్టేటస్‌లో ‘లైవ్ చాట్, లైవ్ ఆర్డర్ బోర్డు, రెడీమేడ్ కోడ్, మన తెలుగువాళ్ళకు తగ్గింపు’ అని పెట్టి సాఫ్ట్‌వేర్ అమ్మే పెద్దమనిషి. పేరు రాయను.

బీటీఎం లేఅవుట్‌లో తెలిసిన అక్క ఆంధ్రా మెస్ నడుపుతుంది. కౌంటర్లో ఆర్డర్ కొడితే వంటింటి స్క్రీన్ మీద పడాలి, లోపల ‘రెడీ’ నొక్కితే కౌంటర్లో వెలగాలి. అంతే పని. నేనే రాసుకోవచ్చు, వారం పడుతుందని బద్ధకించి కొన్నా. కోడుకు 30 వేలు, ‘మా సొంత రియల్‌టైమ్ ఇంజిన్’కు (ఇక్కడ నొక్కింది అక్కడ వెంటనే కనిపించేలా చేసే భాగం) ఏడాది లైసెన్సు 12 వేలు. డెమోలో ఒకే లాప్‌టాప్ మీద రెండు విండోలు పక్కపక్కన పెట్టాడు. ఇక్కడ నొక్కితే అక్కడ టింగుమంది. ‘పదివేల మందినైనా మోస్తుంది అన్నా’ అన్నాడు. యూపీఐ కొట్టేశా. బిల్లు కూడా అడగలేదు. మనోడు కదా!

నిన్న ఆదివారం. రద్దీ ఉంటుందని ముందురోజు రాత్రే సర్వర్‌లో ఒక ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రాం కాపీ) బదులు రెండు నడిపి, వచ్చే రిక్వెస్టులను వాటికి పంచడానికి ముందు ఎన్జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టా. ఒంటిగంటకు అక్క ఫోన్: ‘ఏంది నాయనా, బిర్యానీ కొట్టి పావుగంటయింది, లోపలికి ఒక్కటీ రాలా!’ పరిగెత్తా. వంటింటి స్క్రీన్ మూల పచ్చచుక్క రెండు సెకన్లు వెలగడం, ఎర్రబడటం, మళ్ళీ పచ్చ. పచ్చగా ఉన్నప్పుడైనా అన్ని ఆర్డర్లూ వస్తున్నాయా అంటే అదీ లేదు.

బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి, సర్వర్‌కు వెళ్ళే రిక్వెస్టులన్నీ కనిపించే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచా. వరసగా ‘400’ అనే కోడుతో ఎర్రర్లు, ‘సెషన్ ఐడీ అన్‌నోన్’, అంటే ఈ కనెక్షన్ నాకు తెలియదు అని. ఆ అడ్రస్ తోక చూసి నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి: ఇఐఓ=3, ట్రాన్స్‌పోర్ట్=పోలింగ్. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య లైవ్‌గా మాటలు మోసే ఫ్రీ లైబ్రరీ సాకెట్ ఐఓ, అది వాడినవాళ్ళకు ఇక చెప్పక్కర్లేదు. ఇఐఓ అంటే దాని అడుగున ఉండే ఇంజిన్ ఐఓ. ఆ 3 సాకెట్ ఐఓ రెండో వెర్షన్ నాటిది. 2020 నవంబర్లో మూడో వెర్షన్ వచ్చినప్పటి నుంచి అది 4. అంటే నాకు అంటగట్టింది ఫ్రీగా దొరికేదే, అదీ పాతది. ఫైల్ తెరిస్తే పేరున్న చోటల్లా ఆయన కంపెనీ పేరు, ఒరిజినల్ కాపీరైట్ లైను మాయం. పైన మూడు లైన్లు అదనం: ఏడాది దాటితే ఆపెయ్. ఆ మూడు లైన్లే ఆయన సొంత ఇంజిన్. లైను నాలుగు వేలు పడింది.

స్పీకర్లో పెట్టి ఫోన్ చేశా. అక్క పక్కనే ఉంది.

‘మా దగ్గర బానే నడుస్తోంది, మీ సర్వర్ ప్రాబ్లం.’

‘ఇది సాకెట్ ఐఓ కదా?’ అన్నా.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, అప్పటిదాకా ‘అన్నా’ అన్న నోరు ‘సర్’కు మారింది. ‘చూడండి సర్, మీకు బేసిక్స్ రావని డెమో రోజే తెలుసు నాకు. వస్తే నా దగ్గర ఎందుకు కొంటారు? రెండు ప్రాసెసులకు సపోర్టు వేరే ప్యాకేజీ, 15 వేలు.’ పెట్టేశాడు.

42 వేలు పోయినందుకు కాదు, ఆ ‘ఎందుకు కొంటారు’ అన్న మాటకు రాత్రంతా నిద్ర లేదు. ఎందుకంటే అందులో సగం నిజం. ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, డబ్బు కట్టే ముందు ఎఫ్12 నొక్కలేకపోయా. అక్క మాత్రం ఏమీ అనలేదు. డ్రాయర్‌లోంచి పాత చీటీల పుస్తకం తీసి సప్లయర్ చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఇంతకీ జరిగింది ఇది. ఈ లైబ్రరీ ముందు మామూలు హెచ్‌టీటీపీ పోలింగ్‌తో (‘ఏమైనా వచ్చిందా’ అని మళ్ళీ మళ్ళీ అడగడం) మొదలై తర్వాత వెబ్‌సాకెట్‌కు (తెరిచే ఉంచే ఒకే లైను) ఎక్కుతుంది. మధ్యలో వెళ్ళే రిక్వెస్టులన్నీ ఒకే ప్రాసెస్‌కు చేరాలి. లేదంటే మొదటి కౌంటర్లో టోకెన్ తీసుకుని రెండో కౌంటర్లో ఇచ్చినట్టే, ‘ఇది మాది కాదు పో’ అంటుంది. దానికి మందు ఎన్జిన్‌ఎక్స్‌లో ‘ఐపీ హ్యాష్’ అనే ఒక్క లైను, ఒకే ఐపీ అడ్రస్ నుంచి వచ్చేవన్నీ ఒకే ప్రాసెస్‌కు పంపుతుంది (మెస్‌లో అందరిదీ ఒకే వైఫై కాబట్టి అందరూ ఒకే ప్రాసెస్ మీద పడతారు, అది ఇంకో కామెడీ). ఒక ప్రాసెస్‌కు వచ్చిన ఆర్డర్ రెండోదానికి కూడా తెలియాలంటే వాటి మధ్య కబురు మోసే రెడిస్ అడాప్టర్ తగిలించాలి. రాత్రి ఆ రెండూ పెట్టా, నడుస్తోంది. ఖర్చు సున్నా. 15 వేల ప్యాకేజీ అంటే ఇదే.

సాకెట్ ఐఓను తన కోడులో పెట్టి అమ్ముకోవడం తప్పనను. దానిది ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు, ఎవరైనా అమ్ముకోవచ్చు. ఆ కాపీరైట్ నోటీసు మాత్రం ఉంచాలి. ఊరికే దొరికేదాని పేరు చెరిపేసి ఏడాదికింత అని గుంజడం, అడిగితే మనల్నే చవటల్ని చేయడం, దీన్ని ఏమనాలి?

కొనేవాళ్ళు డెమోలోనే ఎఫ్12 నొక్కి అడ్రస్ తోక చూడండి. ఏయే లైబ్రరీలు వాడారో రాసి ఉండే ప్యాకేజీ ఫైల్ చూపించమనండి. మీ కళ్ళముందే రెండు ప్రాసెసుల మీద నడిపించమనండి. బిల్లు తీసుకోండి, మనోడైనా సరే.

ఇందాకే చూశా, ఆయన స్టేటస్ మారింది. ‘మా సొంత ఇంజిన్, ఈ వారం 20 శాతం తగ్గింపు.’