రిచీ స్ట్రీట్‌లో ఫోన్ మరమ్మతు: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

మూడేళ్ల క్రితం 24,000 రూపాయలకు కొన్న నా ఫోన్ గత నెలలో స్కూటర్ మీద నుంచి జారి చెన్నై పెరంబూరులో నడిరోడ్డు మీద పడింది. అద్దం పగలడంతో ఆగితే సర్దుకుపోయేవాణ్ణి. డిస్‌ప్లే కింది మూలలో సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ మొదలై, మర్నాటికి అర అంగుళం పాకింది. దాని పక్కనే నిలువునా ఒక ఆకుపచ్చ గీత వచ్చి చేరింది.

కంపెనీ సర్వీసు కేంద్రంలో డిస్‌ప్లేకు 10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, బ్యాటరీ కూడా ఉబ్బింది కనుక దానికి మరో 2,200, వెరసి 14,000 రూపాయలు అవుతుందన్నారు. ఆ వెంటనే, ఇంత పెట్టడం దండగ, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండని సలహా కూడా ఇచ్చారు. ఆ ఎక్స్ఛేంజ్‌లో నా ఫోన్‌కు వాళ్లు కట్టిన వెల 1,500.

మౌంట్ రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు పేరుపడ్డ రిచీ స్ట్రీట్‌లోకి తిరిగి, పరిచయస్థులు చెప్పిన ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఉండాల్సిందే. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడిది నెల్లూరు వైపు. నా మాట వినగానే తెలుగులోకి మారి, "అన్నా, దీనికి మూడు రకాల డిస్‌ప్లేలున్నాయి. ఏది వేస్తున్నానో చూసుకున్నాకే డబ్బులివ్వండి" అన్నాడు. కంపెనీ ఒరిజినల్ 8,500, ఓలెడ్ (చుక్కలు తామే వెలిగే రకం) కాపీ 4,800, ఎల్‌సీడీ కాపీ 2,600.

ఈ దుకాణం గురించి రాయాలనిపించింది అతను ఆ తరువాత చేసిన పని వల్ల. ఒరిజినల్‌ను, ఎల్‌సీడీ కాపీని పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే నల్లటి బొమ్మ తెరిచి, చేత్తో వెలుతురు అడ్డుపెట్టి చూపించాడు. ఒకటి ఆరిపోయినట్టు నల్లగా ఉంటే, రెండోది వెనక దీపం వెలుగుతున్నట్టు బూడిదరంగులో ఉంది. ఎల్‌సీడీకి వెనక నిజంగానే బ్యాక్‌లైట్ పొర ఉంటుంది. ఆ పొర అడ్డు రావడం వల్లే, డిస్‌ప్లే కింద వేలిముద్ర చదివే నా ఫోన్ లాంటి వాటిలో ఆ సెన్సార్ పనిచేయదు. "చవగ్గా వేసేయొచ్చు, కానీ రేపు వేలిముద్ర పడట్లేదని మీరే తిరిగొస్తారు" అన్నాడు. 2,600 రకం వేస్తే తనకు మిగిలేదెంతో నాకు తెలియదు గానీ, దాన్ని వద్దని చెప్పడానికి అతను పది నిమిషాలు వెచ్చించాడు.

అక్కడే నిలబడి లెక్క వేశాను. మరమ్మతు ఖర్చు ఫోన్ ధరలో సగం దాటితే కొత్తది కొనాలని అందరూ చెప్పే సూత్రం నాకు ఎప్పుడూ రుచించలేదు; ఫోన్ ఇంకెన్నాళ్లు పనికొస్తుందన్నది అందులో ఎక్కడా లేదు. నా ఫోన్‌కు కంపెనీ ఇంకా రెండేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది. బ్యాంకు పనులన్నీ దాని మీదే చేస్తాను కనుక నా దృష్టిలో దాని ఆయువు అంతే. ఇక్కడ ఒరిజినల్ డిస్‌ప్లేకు బ్యాటరీ 1,400 కలిపి 9,900 అవుతుంది, అంటే నెలకు సుమారు 412 రూపాయలు. సర్వీసు కేంద్రంలో అయితే 583. నాలుగేళ్లు వాడదగ్గ కొత్త ఫోన్ 22,000కు కొంటే నెలకు 458. సర్వీసు కేంద్రం ధర చొప్పున చూస్తే కొత్తది కొనమన్న వాళ్ల సలహా తప్పేమీ కాదు. రిచీ స్ట్రీట్ ధరకే ఆ లెక్క తిరగబడింది. అప్‌డేట్లు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే నేనూ కొత్తదే కొనేవాణ్ణి.

పని గంటన్నరలో నా కళ్ల ముందే అయింది. వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడ్డాక, పలుచటి ప్లాస్టిక్ బిళ్లతో అంచు వెంబడి కోసుకుంటూ వచ్చాడు. విప్పిన స్క్రూలను ఏ చోటివి ఆ చోట అయస్కాంతపు చాప మీద వరసగా పేర్చాడు. బ్యాటరీ నిజంగానే దిండులా ఉబ్బి డిస్‌ప్లేను కింది నుంచి నెడుతోంది. ఈలోగా ఒకావిడ నీళ్లలో పడిన ఫోన్ తెచ్చారు. బోర్డు తుప్పుపట్టిందని చూపించి, దీనికి ఖర్చు పెట్టొద్దని, లోపలి ఫొటోలు మాత్రం తీసి ఇవ్వగలనని చెప్పి పంపాడు.

లోపాలూ ఉన్నాయి. రసీదు మీద ఫోన్ లాక్ తెరిచే పిన్ నంబరు రాయమన్నారు. నేను రాయలేదు, మన సొంత సమాచారం కనబడకుండా దాచే రిపేర్ మోడ్ పెట్టి ఇచ్చాను. ఈ సదుపాయం కొన్ని కంపెనీల ఫోన్లలో ఉంది, ఎవరూ వాడరు. ఒకసారి విప్పాక నీటి నుంచి రక్షణ పోయినట్టేనని అతను ముందే చెప్పాడు కానీ, ఆ మాట రసీదు మీద లేదు. మూడు నెలల గ్యారంటీ అన్నది కూడా బాల్‌పెన్‌తో గీకిన ఒక్క ముక్కే, జీఎస్టీ బిల్లు కాదు. కంపెనీ వారంటీలో ఉన్న ఫోన్‌ను ఇక్కడికి తేవద్దు, బయట విప్పించారని తెలిస్తే వారంటీ నిరాకరించవచ్చు.

మూడు వారాలైంది. వేలిముద్ర మొదటిసారికే పడుతోంది, ఛార్జింగ్ రాత్రి వరకు నిలుస్తోంది. ఇయర్‌పీస్ జాలీ అంచున కొద్దిగా జిగురు మిగిలింది, దాన్ని తుడవడానికి మళ్లీ రమ్మన్నాడు, ఇంకా వెళ్లలేదు.