బరంపురంలో డబుల్ బాస్ బాగుచేసే మాస్టారు

గేట్ బజార్ దాటి సందులోకి తిరిగితే మేడ మీద చిన్న గది. బోర్డు లేదు. గోడకి వయొలిన్లు, మూలన రెండు వీణలు, మూత తీసిన హార్మోనియం ఒకటి. బరంపురంలో కర్ణాటక సంగీతం నేర్చుకునే తెలుగు పిల్లలు చాలామందికి ఈ గది తెలుసు. ఆగస్టులో, వయొలిన్ ఆకారంలోనే ఆరడుగులుండే నా డబుల్ బాస్‌ని అక్కడికి తీసుకెళ్లాను.

నేను బాస్ వాయిస్తాను, మా తమ్ముడు అకూస్టిక్ గిటార్. ఇద్దరమే. 1972లో గిటారిస్ట్ జిమ్ హాల్, బాస్ వాయించే రాన్ కార్టర్ న్యూయార్క్‌లో వాయించిన లైవ్ రికార్డింగ్ విని మొదలుపెట్టాం. డ్రమ్స్ లేకుండా ఇద్దరే జాజ్ వాయిస్తే దాక్కోడానికి చోటుండదు. తమ్ముడు, కలిపి మోగించే స్వరాల గుత్తి అయిన కార్డ్‌లో మూల స్వరం వదిలేసి మూడోదీ ఏడోదీ పట్టుకుంటాడు, ఆ మూల స్వరం నేను మోయాలి. వాడు సోలో ఎత్తుకుంటే వెనక కార్డ్స్ వేసేవాళ్లు ఉండరు, నా నాలుగు తీగలే దిక్కు. అందుకే బాస్‌లో ఏ చిన్న గరగర ఉన్నా మొత్తం పాట పాడైపోతుంది.

కిందటి చలికాలంలో బాస్ వెనక పలక అతుకు ఒకచోట విడిపోయింది. తెలిసిన వడ్రంగి ఒకాయన తెల్ల బంక పెట్టి గట్టిగా బిగించాడు. వానాకాలం వచ్చి చెక్క ఉబ్బింది. అతుకు కదల్లేదు, దాని పక్కనే పలక చీలింది. ఆ కంగారులో నేను నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేశాను. లోపల టక్కున చప్పుడు. లోపల నిలబడే కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోయింది.

మాస్టారు వయసు డెబ్బై దాటి ఉంటుంది. చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటమ్మా, ఇంత పెద్ద వయొలిన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. లోపలంతా ఒకటే కదా, చూద్దాం" అన్నారు. తెలియంది తెలియదని ముందే చెప్పేశారు, నాకు అక్కడే నమ్మకం కలిగింది.

ఆయన చెప్పాకే నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఈ వాద్యాలకి జంతువుల తోలు ఉడికించి తీసిన బంకే వాడతారు. అది కావాలనే కాస్త బలహీనంగా ఉంటుంది. చెక్క బిగుసుకున్నా ఉబ్బినా ముందు అతుకు విడిపోవాలి, పలక చీలకూడదు. విడిపోయిన అతుకుని మళ్లీ అతికించుకోవచ్చు. తెల్ల బంకంతా తీయడానికే ఆయనకి నాలుగు రోజులు పట్టింది. చీలికకి లోపలినుంచి చిన్న చెక్క ముక్కలు వేశారు. చేత్తో తడిమితే తప్ప తెలియదు.

సౌండ్ పోస్ట్‌కి అసలు బంకే పెట్టరు. తీగల ఒత్తిడికి రెండు పలకల మధ్య నిలబడే కర్ర అది. ఫ్రెంచివాళ్లు దాన్ని ఆత్మ అనే మాటతోనే పిలుస్తారు. వయొలిన్‌కి వాడే వంకర ఊచ దీనికి పొట్టిదైపోతే, ఇనప కడ్డీ వంచి పెద్దది చేసుకున్నారు. పళ్ల డాక్టర్ల అద్దం, ఫోన్ లైటు పెట్టి చూస్తూ కర్రని నిలబెట్టారు.

తీసుకెళ్దామని వెళ్తే, "మీ తమ్ముణ్ణి కూడా పిలవమ్మా, ఇద్దరూ కలిసి వాయించందే నేను ఇవ్వను" అన్నారు. నేను శ్రుతి చేస్తుంటే విని, "స నుంచి మ. ఆ మ-ని స అనుకుంటే మళ్లీ మ. బాగుంది" అనుకున్నారు. ఎఫ్ శ్రుతిలో బ్లూస్ అనే బాణీ మొదలుపెట్టాం. ఆయన తొడ మీద తాళం వేస్తూ, కాసేపటికి రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద బరువు పడుతోందని పట్టేసి అలాగే వేశారు. తర్వాత తమ్ముణ్ణి ఆపమన్నారు. "సన్నతీగ మోగుతోంది, దాని పక్కది మూగబోతోంది" అని తీగలు కాస్త వదులు చేసి పోస్టుని వెంట్రుకవాసి జరిపారు. మళ్లీ విన్నారు. మళ్లీ జరిపారు. ఇలా గంటన్నర.

ఇదంతా ఎందుకు ముఖ్యమో మాలా వాయించేవాళ్లకి తెలుస్తుంది. గిటార్ లావుతీగ 82 హెర్ట్జ్ దగ్గర, బాస్ లావుతీగ 41 దగ్గర మోగుతాయి, సరిగ్గా ఒక స్థాయి తేడా. బాస్ మూగగా ఉంటే తమ్ముడు తనకి తెలియకుండానే కింది తీగల్లోకి దిగిపోతాడు, రెండూ కలిసి ముద్దైపోతాయి. ఆ రోజు వాడు మధ్య తీగల మీదే హాయిగా ఉండిపోయాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి నేను వాయించే ప్రతి స్వరానికీ మొదలూ చివరా వినిపించింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. వారం అన్నారు, పంతొమ్మిది రోజులు పట్టింది. మెట్లు ఇరుకు, ఆరడుగుల వాద్యాన్ని ఇద్దరు మోస్తేగాని పైకి వెళ్లదు. మామూలు ఆటోలో పట్టదు, మేం ట్రాలీ ఆటోలో దుప్పట్లు పరిచి తెచ్చాం. బాస్ తీగలు ఆయన దగ్గర దొరకవు, మనమే తెచ్చుకోవాలి. గిటార్ ఫ్రెట్ల పని చేయరు. నా దగ్గర 2,800 రూపాయలు తీసుకున్నారు. ఇంకా ఇస్తానంటే ఒప్పుకోలేదు.

తీగలు మార్చేటప్పుడు ఒక్కోటే మార్చమని, చలికాలంలో గదిలో నీళ్ల గిన్నె పెట్టమని చెప్పారు. డిసెంబర్‌లో అతుకులన్నీ ఇంకోసారి చూస్తారట. ఈసారి గిటార్ కూడా తెమ్మన్నారు.